ఆడినంతకే కూలి

సోలాపూర్ దాజీ పేట్‌లో నేసినంతకే కూలి. నెల జీతం మిల్లు పనివాళ్ళకు ఉండేది. కార్ఖానాలో జకార్డు మగ్గం ముందు నిలబడి చద్దర్ నేసేవాడికి, ఇంట్లో చాట నిండా తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడమనిషికి లెక్క వేరు. వారానికి ఎన్ని చద్దర్లు దిగాయి, ఎన్ని వేల బీడీలు అయ్యాయి, అంతకే డబ్బులు. జ్వరమొచ్చి చేయి ఆగితే లెక్కా ఆగుతుంది. మా నాన్న ఈ లెక్కలోనే బతికాడు. నేనూ చాలాకాలం అందులోనే ఉన్నాను. అందువల్ల ఆటగాళ్ళ జీవిత చరిత్రలు చదివేటప్పుడు నా చూపు గోల్స్ కంటే ముందు కూలి మీదికి పోతుంది. ఆటే బతుకుదెరువైన మనిషికి ఏమిచ్చారు? ఎన్నేళ్ళిచ్చారు? ఒళ్ళు సహకరించని రోజున ఎవరు చూసుకున్నారు? సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం కథను ఆ మూడు ప్రశ్నలతోనే చెప్తాను.

ముందు మా పేట సంగతి. సాఖర్ పేట్, దాజీ పేట్, భద్రావతి పేట్, అశోక్ చౌక్, ఇవన్నీ తెలంగాణ నుంచి మగ్గం పని నమ్ముకుని వచ్చిన పద్మశాలీల చోట్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి తరతరాలుగా వచ్చారు. 1877లో ఇక్కడ నూలు మిల్లు మొదలైంది. మేం దాన్ని ఇప్పటికీ జూనీ మిల్లు అంటాం. తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ మిల్లులు లేచాయి. నూలు దగ్గరైంది, చేతిమగ్గాలు పెరిగాయి, ఆ తర్వాత మరమగ్గాలు వచ్చాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడినా మా కార్ఖానాలు నిలిచాయి. 2005లో సోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, దాజీ పేట్ వేంకటేశ్వరుడి గుడిలో మొక్కు, నారళీ పున్నమి నాడు మార్కండేయుడి రథం. మా బతుకు ఇదీ.

ఆటలంటే మాకు తాలీం, కుస్తీ, కబడ్డీ. క్రికెట్లో పాలీ ఉమ్రీగర్ సోలాపూర్లోనే పుట్టాడని పెద్దలు గొప్పగా చెప్పేవాళ్ళు. ఫుట్‌బాల్ మాత్రం మా ఇంటికి మేనమామతో వచ్చింది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. వాడి జంక్షన్ మీదుగా బండిలో వచ్చి, నాన్న మగ్గం ఆపేదాకా గడపలో కూర్చుని, హైదరాబాద్ ఆటగాళ్ళ ముచ్చట్లు చెప్పేవాడు. రహీం, నూర్ మహమ్మద్, అజీజ్, తంగరాజ్ పేర్లు ఆ నోటి నుంచే విన్నాను. అందరికంటే ఎక్కువగా బలరాం పేరు. "మన దిక్కు పోరడే. సైకిలు కిరాయికి పైసల్లేని పోరడు ఒలింపిక్స్ ఆడిండు" అనేవాడు. మా నాన్నకు ఫుట్‌బాల్ తెలియదు. కానీ బలరాం పేరు వస్తే ఒకటే అడిగేవాడు: "ఆడితే ఎంతిస్తరు?"

ఆ కాలంలో సూటిగా ఇచ్చేది ఏమీ లేదు. ఒలింపిక్స్ ఆడాలంటే ఔత్సాహికుడై ఉండాలి, ఆటకు కూలి తీసుకోకూడదు. అందుకని ఆటగాడికి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. హైదరాబాద్‌లో ఆ ఉద్యోగం పోలీసుది, కలకత్తాలో రైల్వేది. జీతం ఉద్యోగానికి, చాకిరీ మైదానంలో. ఈ పద్ధతిలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశంలో అందరూ భయపడే జట్టయింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది.

ఆ జట్టు వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం. మొదట బడి పంతులు. పాఠం చెప్పే పద్ధతి మైదానంలోకీ తెచ్చాడు. మన పిల్లలు బంతి దొరికితే చాలు, కాలికి అంటించుకుని ఒక్కరే ఉరుకుతారని చూశాడు. అందుకు హైదరాబాద్‌లో బంతిని దొర్లించుకుంటూ పోవడమే నిషిద్ధమైన టోర్నమెంట్లు పెట్టించాడు. బంతి వచ్చిందా, తాకి పంపెయ్యాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలూ పెట్టాడు. ఒక్కసారి ఊహించుకోండి. బంతి కాలి దగ్గరికి వచ్చేసరికే ఎవరికి పంపాలో కన్ను తేల్చుకుని ఉండాలి. బంతి వచ్చాక ఆలోచిద్దామనుకున్నవాడికి ఆ పోటీలో చోటు లేదు. మగ్గం మీద పోగు తెగిన చప్పుడు చెవిన పడకముందే చేయి ఆ చోటికి పోయే నేతగాడిని చూసినవాళ్ళకు రహీం ఏం నేర్పాడో తేలిగ్గా అర్థమవుతుంది.

రహీం పిల్లలకు బూట్ల అలవాటూ చేయాల్సి వచ్చింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా 10-1తో కొట్టింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అదే తరంలో పెరిగాడు బలరాం. 1936లో పుట్టాడు, తల్లి పేరు ముత్తమ్మ. కంటోన్మెంట్ చుట్టుపక్కల మైదానాల్లో సైన్యం జట్ల ఆట చూసి నేర్చుకున్నాడు. హైదరాబాద్ లీగ్‌లో రైడర్స్ క్లబ్‌కు ఆడాడు. రహీం కన్ను పడింది. శిక్షణకు రమ్మంటే అమ్ముగూడ నుంచి రోజూ నగరానికి రాలేనన్నాడట. సైకిలు కిరాయి తానిస్తానన్నాడు రహీం. మామ నోటి సైకిలు ముచ్చటకు మూలం ఇదే.

1956లో హైదరాబాద్ రాష్ట్రం పోయి నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సోలాపూర్ బొంబాయి రాష్ట్రంలోనే ఉండిపోయింది, మా పేటలవాళ్ళ పుట్టింటి రాష్ట్రం పేరు మారింది. ఆ నెలాఖరుకు బలరాం మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. ఇరవై ఏళ్ళు. డిసెంబరు 1న నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. యుగోస్లావియా మీద, ఆ తర్వాత బల్గేరియా మీద ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్లో ఇండియాకు అంతకంటే పైమెట్టు ఈరోజుకీ లేదు. అప్పట్లో హైదరాబాద్ జట్టే 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు వరసగా గెలిచింది.

1957లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. మావాళ్ళు మగ్గం పని కోసం పడమటికొచ్చిన దారి ఎలాంటిదో, అతను తూర్పుకు వెళ్ళిన దారీ అలాంటిదే. చేతిలో పనితనం ఉంది, ఉన్న ఊళ్ళో దానికి అంత గిరాకీ లేదు. కలకత్తాలో ఉంది. ఈస్ట్ బెంగాల్‌కు నూరుకు పైగా గోల్స్ కొట్టాడు. 1961లో కెప్టెన్. ఆ ఏడు కలకత్తా లీగ్ గెలిపించాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆయనవే. ఐఎఫ్ఏ షీల్డును మోహన్ బగాన్‌తో పంచుకున్నారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురినీ కలిపే తలిచేవాళ్ళు. చునీ మోహన్ బగాన్ వదల్లేదు. పి.కె. ఈస్టర్న్ రైల్వేను వదల్లేదు. ఎదురెదురు జట్లలో పోట్లాడుకునే ముగ్గురు దేశం చొక్కా వేసుకుంటే ఒక్కటయ్యేవాళ్ళు. 1960 రోమ్‌లో హంగరీ మీద 2-1తో ఓడాం. మన గోలు బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1తో సరిసమానంగా నిలిచాం. పెరూ మీద 3-1తో ఓడిన ఆటలోనూ మన ఒక్క గోలు ఆయనదే.

ఇక 1962 జకార్తా. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదని మన ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా జనం మన ఆటగాళ్ళ మీద మండిపడుతున్నారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్, జపాన్ మీద గెలుపు. రెండు ఆటల్లోనూ బలరాం గోలు ఉంది. థాయిలాండ్ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఆ తలకు కట్టు కట్టుకున్న మనిషిని రహీం సెమీఫైనల్లో వెనక వరస నుంచి తీసి ముందు వరసలో నిలబెట్టాడు. గాలిలోకి లేచి తలతో కొట్టాల్సిన చోటు అది. జర్నైల్ సెమీస్‌లో గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న లక్షమంది కేకల మధ్య జరిగిన ఫైనల్లో పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. బంగారం మనది. ఆ తర్వాత ఇండియా ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మళ్ళీ బంగారం గెలవలేదు.

మామ ఈ కథ చెప్తే పిల్లలందరం జర్నైల్ తల దగ్గరే ఆగిపోయేవాళ్ళం. నాన్న మటుకు, "కుట్లతోటి దించిండ్రా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ ప్రశ్న బరువు నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఎందుకంటే జకార్తా జట్టు కూలి లెక్క ఆ మరుసటి ఏడాదే తేలడం మొదలైంది. జకార్తా నాటికే జబ్బులో ఉన్న రహీం 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయాడు. అదే 1963లో బలరాంకు ఊపిరితిత్తుల పొర వాచే జబ్బు వచ్చింది, మన వైద్యులు ప్లూరిసీ అంటారు. ఉరికితే ఊపిరి అందదు. ఇరవయ్యేడేళ్ళు నిండకముందే పెద్ద ఫుట్‌బాల్ అయిపోయింది. నేతకాలనీల్లో ఊపిరితిత్తుల జబ్బు తెలియని ఇల్లుండదు. పత్తిదూది, రంగు, గాలిలేని కార్ఖానా, బీడీ పొడి. మా నాన్న కూడా చివరికి దగ్గుతోనే మగ్గం దిగాడు. ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకున్న మనిషికి ఆ క్షణంలో పతకాలు గుర్తుకు రావు, వచ్చే వారం ఖర్చే గుర్తొస్తుంది. ఆ సంగతి నేను దగ్గర నుంచి చూశాను.

బలరాంకు రైల్వే ఉద్యోగం అండగా నిలిచింది. సౌత్ ఈస్టర్న్ రైల్వేవాళ్ళు తమ బీఎన్ఆర్ జట్టుతో పాటు ఇచ్చిన ఉద్యోగం అది. పెళ్ళి చేసుకోలేదు. కలకత్తా అవతల హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉన్నాడు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చాయి. బలరాంకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్ళకు చెప్పాడు. 2020 మార్చిలో పి.కె., ఏప్రిల్‌లో చునీ పోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం కలకత్తాలో కన్నుమూశాడు. వయసు ఎనభై ఆరు. మేనమామ అప్పటికి లేడు. ఉంటే తెల్లారేసరికి మా గడపలో ఉండేవాడు.

జకార్తా ఫైనల్లో ఆడిన ఇంకొక హైదరాబాదీ యూసుఫ్ ఖాన్. పోలీస్ జట్టు మనిషి, ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాడు, 1966లో అర్జున అందుకున్నాడు. చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు, కాళ్ళు స్వాధీనం తప్పాయి. ఆడేరోజుల్లో తలకు తగిలిన దెబ్బలే అందుకు కారణమని ఆయన్ని ఎరిగినవాళ్ళు చెప్పుకున్నారు. 2006లో పోయాడు. ఆ తల దెబ్బల లెక్క మన దగ్గర ఎవరూ రాయలేదు. అమెరికాలో రాశారు.

అక్కడి ఫుట్‌బాల్ వేరు. బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేతుల్లోనే పోతుంది, శిరస్త్రాణం పెట్టుకుని మనిషిని మనిషి ఢీకొని ఆపుతాడు. ఆ ఆటకు మొదటి కూలి ఎప్పుడు ఇచ్చారో లెక్క పుస్తకం సాక్షిగా తెలుసు. 1892 నవంబరు 12న పిట్స్‌బర్గ్ దగ్గరి అలెగెనీ అథ్లెటిక్ అసోసియేషన్ అనే క్లబ్, విలియం హెఫెల్‌ఫింగర్ అనే ఆటగాడికి ఒక్క ఆటకు 500 డాలర్లు చెల్లించింది. ఆ చెల్లింపు క్లబ్ ఖాతాలో రాసి ఉంది. ఆ రోజు గెలిపించిన స్కోరూ అతనిదే. 1920లో ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లో ఒక కార్ల దుకాణంలో క్లబ్బులవాళ్ళు కూర్చుని వృత్తి లీగ్ పెట్టుకున్నారు. కొన్ని జట్లకు ఆయా ఊళ్ళ పనుల పేర్లే వచ్చాయి. ఉక్కు ఊరు పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్. మాంసం డబ్బాల్లో నింపే కార్ఖానా బట్టలు కొనిస్తే 1919లో పుట్టిన గ్రీన్ బే జట్టు ప్యాకర్స్. ప్యాకర్స్‌కు యజమాని ఒక్కడు లేడు, జనమే వాటాదార్లు. సహకార సంఘాల మధ్య పెరిగిన మా పేటవాళ్ళకు ఆ సంగతి ముచ్చటేస్తుంది. తండ్రి భారతీయుడైన బ్రాండన్ చిల్లర్ ఆ జట్టుకు ఆడాడు. 2011 ఫిబ్రవరిలో ప్యాకర్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు అతను జట్టు మనిషే, కానీ గాయంతో బయట కూర్చున్నాడు. ఆ ఏడాదే జట్టు వదిలేసింది, తర్వాత ఆ లీగ్‌లో ఆడలేదు.

స్టీలర్స్‌కు మైక్ వెబ్‌స్టర్ అనే సెంటర్ ఉండేవాడు. ప్రతి ఎత్తుగడా అతను బంతి వెనక్కి అందించడంతో మొదలవుతుంది, ఆ క్షణంలోనే ఎదుటివాడి తల అతని తలకు గుద్దుకుంటుంది. 1974లో వచ్చి, చివర్లో ఇంకో జట్టుకు ఆడిన రెండేళ్ళతో కలిపి, పదిహేడేళ్ళు అలా ఆడాడు. నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచాడు. ఆట మానేశాక జ్ఞాపకం చెదిరింది, ఇల్లు పోయింది, ట్రక్కులో పడుకున్న రోజులున్నాయి. 2002లో యాభై ఏళ్ళకు చనిపోయాడు. శవపరీక్ష చేసిన నైజీరియా వైద్యుడు బెనెట్ ఒమాలు ఆ మెదడును కోసి పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల వల్ల పేరుకున్న జబ్బును గుర్తించాడు. 2005లో ప్రకటించాడు. లీగ్ పెద్దలు మొదట ఒప్పుకోలేదు. చివరికి నాలుగున్నర వేల మందికి పైగా మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కాక 2013లో పరిహారానికి దిగొచ్చారు, 2015లో కోర్టు ఆమోదించింది. మొదటి కూలి ఖాతాకెక్కింది అలెగెనీలో. నూట పదేళ్ళ తర్వాత ఆ కూలికి చెల్లించిన ధర బయటపడిందీ అదే అలెగెనీ కౌంటీ శవాగారంలో. ఆ వృత్తి చరిత్రంతా ఆ రెండు కాగితాల మధ్యే ఉందని నా నమ్మకం.

ఇప్పుడు మళ్ళీ మా గల్లీకి రండి. మా పక్కింటి కుర్రాడు కబడ్డీలో మంచి రైడర్. 2014లో ప్రో కబడ్డీ టీవీలో వచ్చినప్పటి నుంచి వాడి కళ్ళలో అదే. ఒక జట్టువాళ్ళు ఊళ్ళు తిప్పారు. బస్సు చార్జీ, రెండు పూటల భోజనం, గెలిస్తే చేతిలో కొంత డబ్బు. ఒక ఆటలో మోకాలు మెలిపడి లోపలి తంతువు తెగింది. ఆపరేషన్‌కు తల్లి బీడీల పైసలు, మేనమామ అప్పు. జట్టువాళ్ళు ఫోనెత్తలేదు. ఇవాళ వాడు తువాళ్ళ కార్ఖానాలో రాత్రి పాళీ నిలబడుతున్నాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాడు. వాడి వయసుకు బలరాం ఇంకా ఈస్ట్ బెంగాల్‌లో ఆడుతున్నాడు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. ఇబ్బందుల్లో ఉన్న క్రీడాకారులకు 1982 నుంచి జాతీయ సంక్షేమ నిధి ఉంది. పెద్ద పతకాలు గెలిచినవాళ్ళకు 1994 నుంచి పింఛను పథకం ఉంది. కానీ మొదటిది దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాల్సినది. రెండోది పతకం గెలిస్తేనే. పతకం దాకా పోకుండా మోకాలు పోగొట్టుకున్నవాడు ఈ రెండింటి మధ్య పడిపోతాడు. వాళ్ళే ఎక్కువమంది.

దీనికి మందు మా పేటలోనే ఉంది. బీడీ కార్మికులకు ఈ దేశంలో 1966లో ఒక చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. బీడీల మీద కొద్దిపాటి సెస్సు వేసి, ఆ డబ్బుతో చుట్టేవాళ్ళకు దవాఖాన, పిల్లలకు స్కాలర్‌షిప్, ఇంటికి సాయం ఇచ్చారు. గుర్తింపు కార్డు చేతిలో ఉంటే చాలు, ఎవరినీ బతిమాలే పని ఉండేది కాదు. నరసయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో కొట్లాడి మా ఆడవాళ్ళు కుంభారి దగ్గర పదివేల ఇళ్ళు సాధించుకున్నారు, 2006లో అవి చేతికొచ్చాయి. 2024 జనవరిలో రాయ్‌నగర్‌లో ఇంకా పదిహేను వేల ఇళ్ళు ఇచ్చారు. జీఎస్టీతో 2017లో ఆ సెస్సు ఎత్తేశారు, అది మా పేటకు పెద్ద దెబ్బ. అయినా నలభై ఏళ్ళు అది నడిచిందన్న సంగతి ఎవరూ కాదనలేరు. ముక్క లెక్కన కూలి తీసుకునేవాడికి కూడా జబ్బు నాడు హక్కుగా చేయూత ఇవ్వొచ్చని అది రుజువు చేసింది.

ఆటగాడిదీ ముక్క లెక్క కూలే. అందుకే నా మాట ఇది: ప్రతి లీగ్ టిక్కెట్టు మీద, టీవీ హక్కుల సొమ్ము మీద చిన్న సెస్సు వేయాలి. జిల్లా స్థాయిలో ఆడే ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ కార్డు ఇవ్వాలి. గాయం తగిలిన నాడు ఆపరేషన్, ఆట ఆగిన నాడు కొన్నాళ్ళ బత్తెం, తల దెబ్బ తగిలినవాడికి ఏళ్ళ తరబడి వైద్య పరీక్ష ఆ కార్డు మీద రావాలి. కార్డు లేని ఆటగాడిని దించిన జట్టుకు ఆడే అర్హత ఉండకూడదు. తెలుగు రాష్ట్రాలు రెండూ, మా మహారాష్ట్రా ఈ పని మొదలుపెట్టొచ్చు. సంతోష్ ట్రోఫీలు గెలిచిన నేల, రహీం పాఠం చెప్పిన నేల ముందు నడవడం న్యాయం కూడా. బలరాంకు దక్కాల్సిన గౌరవం పతకంగా ఇవ్వడానికి ఆలస్యమైంది, ఆయన పేరున ఈ నిధి పెట్టడానికి మాత్రం ఆలస్యం కాలేదు. మా నాన్న అడిగిన "ఎంతిస్తరు?" అన్న ప్రశ్నకు మొదటి సగం జవాబు లీగులు టీవీలో వేలం పాటలు పెట్టి చెప్తున్నాయి. ఒళ్ళు పోయిన నాడు ఎంతిస్తారన్న రెండో సగానికి జవాబు చట్టంలో రాసి ఉండాలి.